మామ ముందు పరుగు

నేను నంద్యాలలో పరిగెత్తడం మొదలుపెట్టినప్పుడు ఊరు ముక్కున వేలేసుకుంది. పరుగును చూసి కాదు. కాన్వాస్ బూట్లను, నడుముకు చుట్టుకున్న పంజాబీ డ్రస్సు వోణీని చూసి నాలుగు రోజులు నవ్వి మానేశారు. వాళ్లకు మింగుడుపడనిది ఇంకొకటి.

"అదేందప్పా, కోడలు ముందర, మామ ఎనకాలా?" అని గాంధీచౌక్‌లో పాలు పోసే ఆయన మా ఆయన్నే నిలేసి అడిగాడట.

ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. మా మెట్టినింటి వీధిలో మామతో కలిసి యాడికన్నా పోవాల్సి వస్తే కోడలు నాలుగడుగులు వెనక నడవాలి. ఎదురుపడితే గోడకు ఒదగాలి. ఆయన ముందు కూర్చోకూడదు, తినకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడకో, గొడ్డుకో, పక్కనున్న మనిషికో చెప్పాలి. ఆయనా అంతే. అటువంటి ఇంటి కోడల్ని నేను తెల్లవారుజామున రోడ్డు మీద ముందు పరిగెడుతుంటే, మా మామ పంచె ఎగదోపుకుని, తలకు తువాలు చుట్టుకుని, వెనక సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. చూసినవాళ్లకు తిక్క పుట్టిందంటే పుట్టదా మరి!

నేను ఆళ్లగడ్డ పిల్లను. బడిలో ఉన్నప్పటి నుంచీ పరుగే నా లోకం. డెబ్బైల చివర నంద్యాలలో ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచర్ ఉద్యోగం వచ్చింది. ఆ వెంటనే ఆ ఊళ్లోనే పెళ్లయింది. అత్తగారివాళ్లది నూనె, బెల్లం అంగడి. గవర్నమెంటు జీతం వచ్చే కోడలు కావాలనుకున్నారే గాని, ఆ కోడలికి కాళ్లుంటాయని ఎవరూ ఆలోచించినట్టు లేదు. బడిలో పిల్లలను పరిగెత్తించడం నా ఉద్యోగం. నేను పరిగెత్తడం నా ప్రాణం. నాకు కోపం ఎక్కువ. పరుగు లేని రోజు ఆ కోపం ఇంట్లో గిన్నెల మీదికి పోతుంది. పెళ్లయిన నెలకు రెండు సత్తు గిన్నెలు సొట్టపోయాయి.

"పరిగెత్తుకోవాలంట! ఒక్కతే పోతే కాళ్లు ఇరగ్గొడతా" అంది మా అత్త.

మా ఆయన మంచివాడే. మంచివాళ్లకు మాట పెగలదు గదా. ఆయన అటు చూసి, ఇటు చూసి, అంగడికి పోయాడు. అప్పుడు పడసాలలో కూర్చున్న మా మామ ఎదురుగా ఉన్న గోడకు చెప్పాడు: "ఆయమ్మ ఎంబడి నేను పోతా."

ఇల్లంతా నోరెళ్లబెట్టింది. అత్త మాత్రం తేరుకుని, ఒక్క షరతు పెట్టింది. మామ ఉంటే పరుగు, మామ లేనిరోజు పరుగు లేదు. ఆ షరతు మీదనే నా పరుగు నిలబడింది.

మేమిద్దరం మాట్లాడుకోం కాబట్టి మా మధ్య మాటంతా సైకిలు గంటదే. పొట్టిగా కొడితే వెనక లారీ వస్తోందని. పొడుగ్గా కొడితే నిలబడమని. వెనక్కి తిరిగి పెద్దాయన ముఖం చూడకూడదు గనక నాకు గంటే గతి. శ్రీనివాస సెంటరు మీదుగా బస్టాండు, ఒకరోజు సంజీవనగర్ గేటు దాకా, ఒకరోజు నూనెపల్లె దాకా, సెలవు రోజుల్లో గోస్పాడు దారిలో కాలువ దాకా పోయేవాళ్లం. మొదటి వారంలోనే నాకొక సంగతి అర్థమైంది. పొడుగు గంట ఎప్పుడు మోగినా పక్కన బేకరీ ఉండేది.

రాత్రంతా బట్టీ కాల్చి పొద్దున్నే మొదటి ట్రేలు బయటికి తీసే వేళ అది. బస్టాండు దగ్గర కన్నడాయన బేకరీ ఉండేది. ఆయన వెన్న రాసిన బన్నులు, తేనె కేకు చేసేవాడు. నూనెపల్లె పోయే దారిలో ఒక సాయిబుది. ఆయన చేసే దిల్‌పసంద్ నంద్యాలలో ఇంకెవరికీ రాదని మామ నమ్మకం. కొబ్బరి, చక్కెర, టూటీఫ్రూటీ కూరి, గుండ్రంగా కాల్చి, ముక్కలుగా కోస్తాడు. వేడివేడిగా తింటే నాలుక కాలుతుంది, అయినా ఆగలేం. గాంధీచౌక్ వెనక సందులో ఒట్టి రస్కులు, ఉప్పు బిస్కెట్లు దొరికేవి. అక్కడ గంట మోగేది కాదు. మామకు తీపే కావాలి.

మా ఇంట్లో బేకరీ తిండి గడప దాటి రాకూడదు. గుడ్డు కలుపుతారని అత్త అసహ్యం. మామ ప్రతిరోజూ అదే ప్రశ్న అడిగేవాడు.

"గుడ్డు ల్యాందేనా?"

"శెట్టీ, నీకని ఏరే ట్రే పెడ్తాండా. రోజూ చెప్తాండా, రోజూ అడుగుతాండావ్" అనేవాడు సాయిబు.

"అడిగితే నీదేం పోతాది? ఆయమ్మకు రెండియ్యి."

తినడం ఒక తమాషా. కోడలు మామ ముందు తినకూడదు కదా. బేకరీ ముందున్న స్తంభానికి ఈ పక్క నేను, ఆ పక్క ఆయన, వీపులు తిప్పుకుని నిలబడేవాళ్లం. ఆయన నములుతున్న చప్పుడు నాకు వినపడేది, నాది ఆయనకు వినపడేది. ముఖాలు మాత్రం చూసుకోం. మర్యాద మర్యాదే, దిల్‌పసంద్ దిల్‌పసందే. ఒకసారి నాకు పొలమారితే, "ఆయమ్మకు నీళ్లియ్యప్పా, బేగా!" అని స్తంభం అవతలి నుంచి అరిచాడు.

ఇంటికి వచ్చాక మామ స్నానం చేసి, పూజ చేసి, ఏడు గంటలకల్లా టిఫినుకు కూర్చునేవాడు. తరువాత మా ఆయన, మరుదులు, అంగడి గుమస్తా. మగవాళ్లంతా లేచాక అత్త, అత్త వెనక నేను. నా వంతు వచ్చేసరికి బడి వేళ అయ్యేది. చాలా రోజులు కాఫీ నీళ్లు గొంతులో పోసుకుని ఉరికేదాన్ని. దాని గురించి నేను పెద్దగా అనుకున్నది లేదు. అన్ని ఇళ్లలో అంతే గదా అనుకునేదాన్ని.

రెండేళ్లు ఇట్లా సాగింది. మూడో ఏడు ఎండాకాలంలో మామ సన్నబడ్డాడు. రాత్రిళ్లు పదేపదే లేచేవాడు. డాక్టరు పరీక్ష చేయించి చక్కెర జబ్బు అన్నాడు. ఇంటినిండా బెల్లం దిమ్మెలు, ఇంటాయనకు చక్కెర జబ్బు! అత్త ఆ రోజు అన్నం తినలేదు. డాక్టరు మా ఆయనకు చెప్తుంటే నేను తలుపు వెనక నిలబడి విన్నాను. తీపి ముట్టకూడదు. పొద్దున మాత్ర వేసుకున్నాక ఆలస్యం చేయకుండా టిఫిన్ తినాలి. ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే మాత్రం వెంటనే ఇంత చక్కెర నోట్లో వేయాలి. లేకపోతే మనిషి దక్కడు.

అత్త కాఫీలో చక్కెర మానిపించింది. పండగ పూట ఓళిగలు చేస్తే మామకు చూపకుండా దాచింది. సైకిలు షికారు మాత్రం మంచిదేనని డాక్టరే చెప్పాడు. అందువల్ల పొద్దున్నే మళ్లీ నేను ముందు, ఆయన వెనక.

మళ్లీ బేకరీ ముందర పొడుగు గంట.

ఆగకూడదనుకున్నాను. అయినా నిలబడ్డాను. రెండు పొట్లాలు, రెండు పక్కలు, స్తంభం. మరుసటి రోజూ అంతే. వారం గడిచినా అంతే. అడకత్తెరలో పోకచెక్క అయింది నా బతుకు. అత్తతో చెప్పానా, మామ తిండి ఆగుతుంది, ఆయన బతుకుతాడు. ఆయన్ను గడప దాటనివ్వరు కాబట్టి నా పరుగు ఆ పూటే ఆఖరు. చెప్పలేదా, నా పరుగు సాగుతుంది, ఆ మనిషి రోజుకింత నా కళ్లముందే కరిగిపోతాడు. పిల్లలను గ్రౌండులో వరసలో నిలబెట్టి విజిల్ ఊదడం మరచిపోయేదాన్ని. మామ అంటే నాకు ప్రాణం. ఆ ఇంట్లో నా కాళ్లను చూసి సిగ్గుపడని ఒకే ఒక్క మనిషి ఆయన.

ఒకరోజు ఇక తట్టుకోలేక, గంట మోగినా నిలబడలేదు. బస్టాండు బేకరీ దాటి ఉరుకుతూనే ఉన్నాను. వెనక గంట మోగుతోంది, మోగుతోంది. శ్రీనివాస సెంటరు దగ్గర మామ సైకిలును నాకు అడ్డం తెచ్చి నిలబెట్టాడు. రొప్పుతున్నాడు. మూడేళ్లలో మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు.

"ఏందమ్మా, గంట ఇనపల్యా?"

"ఇనపడింది మామా. నిలబడను. మీరు తింటాంటే నేను చూస్తా ఉండలేను."

"నువ్వు యాడ చూస్తాండావ్? ఆ పక్కకు తిరిగి నిలబడుకుంటావు గదా."

"నవ్వులాట కాదు. మీకేమన్నా అయితే? నేను అత్తమ్మకు చెప్పేస్తా."

"చెప్తే నిన్ను పంపియ్యరే."

"పంపకపోతే పాయ! నాకొద్దు ఈ పరుగు." ఆ మాట అనేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. "ఒక్కటే మామా. మా ఊరి దాకా, ఆళ్లగడ్డ దాకా ఒక్కసారి పరిగెత్తాలని నాకు శానా దినాల నుంచీ ఉంది. అదొక్కటి అయినాక అత్తమ్మకు అంతా చెప్పి మానుకుంటా."

"ఆళ్లగడ్డనా? ఇరవై అయిదు మైళ్లకు బస్సుండాది గదమ్మా" అన్నాడు మామ. తరువాత సైకిలు హ్యాండిలు వైపు చూసి, "సరే, ఆదివారం పోదాం" అని దానికి చెప్పాడు.

పుట్టింటికి పోయొస్తామంటే అత్త సరేనంది. పరిగెత్తుతూ పోతామని తెలిసినప్పుడు, "మీకిద్దరికీ తిక్క తగులుకునింది" అని తలుపేసుకుంది.

ఆదివారం చుక్కలుండగానే బయలుదేరాము. మామ సైకిలు హ్యాండిలుకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది. అందులోంచి దిల్‌పసంద్ వాసన! సాయిబు దగ్గర ముందురోజే కట్టించుకున్నాడన్నమాట. నా ఒళ్లు మండిపోయింది. ఇంత చెప్పినా వినని మనిషితో ఏం చెయ్యాలి! ఆ మంటతోనే మొదటి మైళ్లు ఎట్లా గడిచాయో తెలియదు. ఊరు దాటాక రెండు పక్కలా వరిమళ్లు, ఆ తరువాత నల్లరేగడి చేలు. జొన్నచేను మీది గాలి చల్లగా తగులుతుంటే కోపం తగ్గింది, కాళ్లు లయలో పడ్డాయి. ఎదురుగా ఎద్దులబండ్లు వచ్చేవి.

"ఎవురమ్మా తరుముతాండారు?" అని ఒక బండాయన కంగారుపడ్డాడు.

"ఎవురూ లేరప్పా, ఉత్తినే" అన్నాడు వెనక మామ.

"ఉత్తినేనా! పనీపాటా ల్యా మీకు?"

నవ్వుతో నాకు ఊపిరి తప్పింది.

కల్వర్టు వచ్చినచోట పొడుగు గంట మోగేది. మామ ఒక పొట్లం గట్టు మీద పెట్టి, సంచి తీసుకుని చెట్టు చాటుకు పోయేవాడు. మొదటిసారి నేను తిననని భీష్మించాను. చెరువు మీద అలిగితే ఎవరికి నష్టం? ఆకలి నిలవనిస్తే గదా. తిన్నాను. శిరివెళ్ల మెట్ట దగ్గర మళ్లీ తిన్నాను, బన్ను, తేనె కేకు. ఆయన చెట్టు చాటున ఏం తింటున్నాడో తలచుకుంటే ముద్ద దిగేది కాదు. ఈ ఒక్క పొద్దే, రేపటి నుంచి ఇదంతా ఉండదు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎండెక్కింది. కాళ్లు బరువెక్కాయి. ఆళ్లగడ్డ దగ్గరపడుతుంటే ఉలుల చప్పుడు వినపడసాగింది. రోడ్డు పక్కన కొట్టాల్లో శిల్పులు రాళ్లు చెక్కుతున్నారు. మా ఊరు వచ్చేసిందని నాకు ఒళ్లు పులకరించింది. అప్పుడు వెనక గంట మోగింది. పొట్టిగా కాదు, పొడుగ్గా కాదు, వంకరటింకరగా, ఎవరో ఆడుకుంటున్నట్టు. తరువాత సైకిలు పడిన చప్పుడు.

వెనక్కి తిరిగాను. మామ రోడ్డు పక్క మట్టిలో కూలబడి ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చేతులు గజగజా వణుకుతున్నాయి. నన్ను చూసి, "బెల్లం దిమ్మెలు దించినారా?" అన్నాడు. నాలుక మడతపడుతోంది.

డాక్టరు మాటలు తలుపు వెనక విన్నట్టే మళ్లీ వినపడ్డాయి. కానీ ఈ మనిషి పొద్దున్నుంచీ తీపి తింటూనే ఉన్నాడే! చక్కెర తక్కువ కావడమేమిటి? ఆలోచించే వేళ కాదని సంచి లాగి నేల మీద కుమ్మరించాను. దిల్‌పసంద్ ముక్కలు, తేనె కేకు, బన్నులు, ఆయన వంతు మొత్తం పొట్లాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒక్క దారం కూడా విప్పలేదు.

దిల్‌పసంద్ విరిచి, ఆయన తల నా చేతిమీద ఆనించుకుని, నోట్లో పెట్టాను. "నమలండి మామా, నమలండి" అని అరిచాను. డ్రిల్ టీచర్ గొంతు గదా, శిల్పులు ఉలులు వదిలి పరిగెత్తుకొచ్చారు. ఒకాయన చెంబుతో నీళ్లు తెచ్చాడు. మెల్లగా నమిలాడు. ఇంకొంచెం పెట్టాను. కొంతసేపటికి వణుకు తగ్గింది, కళ్లు నిలబడ్డాయి. కొట్టం నీడలో చెక్కని రాయి మీద కూర్చోబెట్టాము.

"ఏమీ తినలేదా మీరు?" అన్నాను.

"మాత్ర ఏసుకున్యా. రోజూ బేగా ఇంటికి పొయ్యి తింటా గదా. ఈ పొద్దు యాళ తప్పింది."

"మరి రోజూ స్తంభం ఎనక తినేది?"

"మొదట్లో తింటాంటి. నా నాలుక కోసరమే నీ ఎంబడి వస్తి, అబద్ధమెందుకు. డాక్టరు చెప్పినాక ముట్టుకోలా. ఇంటికి పొయ్యే దావలో బిచ్చగాళ్లకు ఇచ్చేటోణ్ణి."

నేను ముందు పరిగెత్తేదాన్ని. వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. నాకెట్లా తెలుస్తుంది?

"తిననప్పుడు గంట ఎందుకు కొడతాంటిరి మామా?"

ఆయన నావైపు చూడలేదు. పక్కన పడి ఉన్న సైకిలుకు చెప్పాడు. "ఆయమ్మ వంతు వచ్చేతలికి బడికి టైమయితాది. కడుపులో ఏమీ ల్యాకుండా పోతాది. తినమని నేను చెప్తే బాగుండదు. నేను తింటాండానంటేనే ఆయమ్మ నిలబడతాది."

ఏడ్చాను. శిల్పులు చూస్తున్నారని కూడా లేదు, వెక్కివెక్కి ఏడ్చాను. ఇన్నాళ్లూ నేనా మనిషి తిండి లెక్కించి భయపడుతుంటే, ఆయన నా ఆకలి చూసుకుంటున్నాడు. మామ ఇంకో ముక్క చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆయన ఎదురుగా, ముఖం తిప్పుకోకుండా, నేల మీద కూర్చుని ఒక బన్ను తిన్నాను. మిగిలిన దూరం సైకిలు నేను తోసుకుంటూ, పక్కపక్కనే నడిచి మా పుట్టింటికి పోయాము.

మరునాడు బస్సులో నంద్యాల వచ్చాము. నేను అన్నమాట ప్రకారం అత్తకు అన్నీ చెప్పేశాను, బేకరీలు, కేకులు, స్తంభం, రోడ్డు మీద ఆయన పడిపోవడం, సంచిలో విప్పని పొట్లాలు. ఒక్కటీ దాచలేదు. పరుగు పోయిందనే అనుకున్నాను. అత్త అంతా విని, మగవాళ్లకు విస్తళ్లు వేసింది. మామ కూర్చున్నాడు. కూర్చుని, ఈసారి గోడ వైపు కాకుండా అత్త వైపే చూసి చెప్పాడు.

"ఆయమ్మ పరుగు మానేది ల్యా. రేపట్నుంచీ పొద్దున నాతోపాటే కూచ్చోని తింటాది."

అత్త సాంబారు గిన్నె కింద పెట్టింది. కోప్పడుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"తిననియ్యి. నేనొద్దంటానా? కోడలి కడుపు మీకు కనపడింది, సంతోషం. ముప్పై ఏండ్లు నేనూ కడాకే తిన్న్యా. బిడ్డలు కడుపులో ఉన్నప్పుడు గూడా కడాకే తిన్న్యా. నీకాకలయితాందా అని ఒక్కపొద్దన్నా అడిగినారా?"

మామ చెయ్యి అన్నంలోనే నిలిచిపోయింది. నేను గబగబా ఆయన పక్కన ఇంకో విస్తరి వేసి, నీళ్లు చల్లి, "కూచ్చోండి అత్తమ్మా" అని చెయ్యి పట్టుకున్నాను.

ఆమె నా చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"నువ్వు కూచ్చో. నాకు ఆకలి ఎప్పుడో సచ్చిపొయింది" అని, గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.